సందు చుక్కల దూరం

15 చుక్కలు, సందు చుక్క, 8 వచ్చేదాకా. చేవెళ్ల దగ్గర మా ఆలూరులో సంక్రాంతి నెల పట్టిందంటే వాకిళ్లలో వినిపించే లెక్క ఇది. ఆ ముగ్గులో మొత్తం 169 చుక్కలు. నడిమి చుక్క నుంచి పక్క చుక్కకు, అక్కణ్నుంచి ఇంకో పక్క చుక్కకు జరుగుతూ పోతే, అంచు మీది ఏ చుక్కకైనా సరిగ్గా 7 అడుగులే.

కంప్యూటర్ బొమ్మల్లో దూరం కొలిచేదీ ఇలాగే. స్కేలు పెట్టరు, గడి నుంచి పొరుగు గడికి ఎన్ని అడుగులో లెక్కిస్తారు. 1968లో రోజెన్‌ఫెల్డ్, ఫాల్ట్జ్ రాసిన వ్యాసం ఈ విద్యకు పునాదుల్లో ఒకటి. కొలవబోయే ముందే ఏది పొరుగో తేల్చుకోవాలి. నన్ను ఈ విద్యకు కట్టిపడేసింది అదే. చుక్క కింద చుక్క పెట్టే ముగ్గులో పొరుగు చుక్కలు 4. మూలగా పోవాలంటే అసలు దూరం కన్నా 41 శాతం ఎక్కువ నడవాలి. సందు చుక్కల్లో పొరుగులు 6. ఎటు పోయినా అదనం 16 శాతం లోపే.

మరి ముగ్గు నేల మీంచి పైకి లేస్తే? లోతు కూడా ఉండే స్కానింగ్ బొమ్మల్ని మామూలుగా ఘనపు గళ్లలోనే నిల్వ చేస్తారు. కంప్యూటర్‌కు అది సులువు, అంతకు మించిన కారణం నాకు కనిపించదు. ముఖం ఆనుకున్న 6 గళ్లే పొరుగులనుకుంటే, మూల నుంచి ఎదురు మూలకు దారి 73 శాతం సాగుతుంది. అలా కాక, సందు చుక్కల పొర మీద ఇంకో పొర వేయండి. కింది మూడు చుక్కల నడిమి గుంటలో పై చుక్క పడాలి. మూడో పొర కింది రెండు పొరల చుక్కలకూ నేరుగా పైన పడకూడదు. ఇప్పుడు ఒక్కో చుక్కకు 12 పొరుగులు: తన పొరలో 6, పైన 3, కింద 3. అదనపు నడక 42 శాతం లోపే.

ఈ అమరికలోనూ ఒక ఘనం దాగి ఉంటుంది. దాని అంచులో సగాన్ని ఒక గడి అనుకుని, అంచుల వెంట మూడు దిక్కుల్లో జరగాల్సిన గళ్లను కూడి సగం చేయండి. ఆ సగం, మూడింటిలో పెద్దది: ఏది ఎక్కువైతే అదే దూరం. 3, 3, 2 అయితే సగం 4, కాబట్టి 4 అడుగులు. ఇంత చిక్కటి అల్లికలో దూరం ఇంత చిన్న లెక్కకు ఒదిగిపోవడం చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

ఘనాల మూలల్లో చుక్కలు పెట్టి, ప్రతి ఘనం నడుమా ఒక చుక్క చేర్చే అమరిక ఇంకొకటుంది. అందులో దగ్గరి పొరుగులు 8, ఆ తర్వాతివి 6. అన్ని దిక్కులా ఒకే స్థాయి వివరం కావాలంటే, ఘనపు గళ్ల కన్నా సుమారు 30 శాతం తక్కువ చుక్కలు సరిపోతాయి.

అడుగుల నియమాన్నే మార్చి దూరాన్ని గుండ్రం చేయవచ్చని ఖరగ్‌పూర్ ఐఐటీలో దాస్, చక్రబర్తి, ఛటర్జీ 1987లోనే చూపారు: ఒక అడుగు దగ్గరి పొరుగుకు, మరో అడుగు దూరపు పొరుగుకు. 2008లో స్వీడన్‌లోని ఉప్సలాలో రాబిన్ స్ట్రాండ్ తన సిద్ధాంత గ్రంథంలో 12 పొరుగుల అమరిక, ఘనం నడుమ చుక్క చేర్చే అమరిక, ఈ రెండింటి దూరాల మీదే దృష్టి పెట్టారు. దూరపు పొరుగుకు వేసే అడుగుకు ఎక్కువ బరువిస్తే, సమాన దూరపు చుక్కలన్నీ కలిసిన ఆకారం గోళానికి ఇంకా దగ్గరవుతుంది.