అమ్మ షుగరూ, ఒక డచ్ పుస్తకమూ

టెస్టుకి మూడ్రోజుల ముందు నుంచీ అమ్మ రాత్రిపూట అన్నం మానేసేది. "చూశావా, 110!" అని ఫాస్టింగ్ రిపోర్టు నా చేతిలో పెట్టేది, ప్రోగ్రెస్ కార్డు మీద సంతకం కోసం నిలబడ్డ పిల్లలా. ఓసారి డాక్టరు హెచ్‌బీఏ1సీ కూడా రాశారు. దాని దగ్గర మూడ్రోజుల పస్తు పనిచెయ్యదు, రెండు మూడు నెలల సగటు చెప్పేస్తుంది. 9.2 వచ్చింది. నేను అరిచాను. అమ్మ దాచడం ఇంకాస్త నేర్చుకుంది.

ఆన్‌మరీ మోల్ రాసిన ‘ద లాజిక్ ఆఫ్ కేర్’ (2008) చదువుతుంటే నాకు ఆ 110 గుర్తొస్తూనే ఉంది. నెదర్లాండ్స్‌లో ఒక ఆస్పత్రి డయాబెటిస్ క్లినిక్‌లో కూర్చుని, చూసి రాసిన పుస్తకం. పేషెంటుకి సమాచారమంతా ఇచ్చేసి, ‘ఇక నీ ఇష్టం, నువ్వే ఎంచుకో’ అనడం గౌరవంలాగే కనిపిస్తుంది. కానీ షుగర్ పెరిగితే తప్పు మొత్తం ఎంచుకున్నవాళ్ల నెత్తి మీదకొస్తుంది. మోల్ దృష్టిలో కేర్ అంటే అది కాదు. డోసు, తిండి, పనివేళలు, మీటరు, వీటిని ఒకదానికొకటి సర్దుకుంటూ పోవడం. కుదరలేదా, మళ్లీ సర్దడం. అక్కడ 9.2 అంటే నేరం కాదు, తర్వాత ఏం మార్చాలో చెప్పే కబురు.

పుస్తకంలో నాకు బాగా నచ్చింది ఒక గ్లూకోమీటర్ ప్రకటన మీద ఆమె చేసిన విమర్శ. బొమ్మలో కుర్రాళ్లు హాయిగా కొండల్లో నడుస్తుంటారు. నడిస్తే షుగర్ పడిపోవచ్చు కదా, మధ్యలో ఆగి వేలు పొడుచుకోవాలి, ఏదన్నా తినాలి, పక్కవాళ్లు ఆగాలి. ప్రకటన అమ్మే స్వేచ్ఛలో ఆ ఆగడం ఉండదు. ఒక్క బొమ్మ నుంచి ఇంత రాబట్టడం మన విమర్శకులు నేర్చుకోవాల్సిన పనే (నాతో సహా).

నాకున్న పేచీ వంటింటి గురించి. మోల్ క్లినిక్‌ని చూసినంత దగ్గరగా వంటిల్లుని చూడలేదు. మా ఇంట్లో డైట్ చార్టు ఫ్రిజ్ తలుపు మీద ఉంటుంది. ఆ ఫ్రిజ్ ముందే అమ్మ నలుగురికీ ఇడ్లీలు పెట్టి, మాత్ర వేసుకుని, పదింటిదాకా తినకుండా తిరుగుతుంది. మధ్యాహ్నం మిగిలిన అన్నం పారెయ్యలేక తనే తినేస్తుంది. ‘కప్పు అన్నం’ అని రాసిన చార్టుకి, మిగిలిన అన్నం ఎవరిదో తెలీదు. నాకూ తెలీదు, నా కంచం ఎప్పుడో ఎత్తేసుంటాను.

మొన్న పెళ్లి నుంచొచ్చి తనే చెప్పింది, "రెండు బొబ్బట్లు తిన్నాన్రా" అని. నేనేమీ అనలేదు. అంటే, ఓ పది నిమిషాలు అనలేదు.