జన్యుశాస్త్ర పాఠ్యగద్యంలో పారిభాషిక పదాల అర్థపరిధి : లేఖన రూపకంపై ఒక పరిశీలన

జీవకణంలో జరిగే పనులను చెప్పడానికి అణుజీవశాస్త్రం ఎంచుకున్న మాటల్లో ఎక్కువ భాగం లిపికి, ప్రతికి, పఠనానికి సంబంధించినవి. డీఎన్ఏలో నాలుగు 'అక్షరాలు' ఉంటాయి. కణం విభజన చెందే ముందు దానికి 'ప్రతికృతి' తయారవుతుంది. అందులో ఒక భాగం ఆర్ఎన్ఏగా 'అనులేఖనం' పొందుతుంది. ఆర్ఎన్ఏలోని 'సంకేతం' ప్రోటీన్‌గా 'అనువాదం' అవుతుంది. సాహిత్య విద్యార్థికి ఇవి నిత్యపరిచితమైన పదాలు. శాస్త్ర విద్యార్థికి ఇవి నిర్వచనాలుగా కంఠస్థం చేయవలసిన పదాలు. ఒకే పదం రెండు విభాగాలలో రెండు జీవితాలు గడుపుతున్నా, ఆ రెండింటి మధ్య సంబంధాన్ని తెలుగు విమర్శ పెద్దగా పట్టించుకోలేదు. తెలుగు మాధ్యమ పాఠ్యగద్యంలో స్థిరపడిన కొన్ని జన్యుశాస్త్ర పదాలను శబ్దార్థ దృష్టితో పరిశీలించడం, అవి విద్యార్థి అవగాహనకు ఎక్కడ తోడ్పడుతున్నాయో, ఎక్కడ అడ్డుపడుతున్నాయో నిర్ణయించడం ఈ వ్యాస లక్ష్యం.

1. యౌగికం, రూఢం, యోగరూఢం

తెలుగులో శాస్త్రగ్రంథ రచనకు 1906లో ఏర్పడిన విజ్ఞాన చంద్రికా మండలి నాటి నుంచి ఒక సంప్రదాయం ఉంది. 1968లో తెలుగు అకాడమి ఏర్పడిన తర్వాత ఉన్నత విద్యకు కావలసిన పారిభాషిక పదజాలం విస్తృతంగా రూపొందింది. ఈ పదాలలో అధికభాగం సంస్కృత ధాతువుల నుంచి, ఉపసర్గల నుంచి కూర్చినవి. 'సంస్కృత పదాలు కఠినం, ఆంగ్ల పదాలు సులభం' అన్న ధోరణిలోనే వీటిపై చర్చ సాధారణంగా సాగుతుంది. ఆ చర్చ పదం పలకడంలోని కష్టాన్ని చూస్తుంది గాని, పదం పుట్టించే ఊహను చూడదు.

ఊహను పరిశీలించడానికి మన శబ్దశాస్త్రంలోనే సాధనం ఉంది. అవయవార్థం చేత బోధించేది యౌగికం. అవయవార్థంతో పని లేకుండా వాడుక చేత బోధించేది రూఢం. రెండూ కలిసినది యోగరూఢం. పంకజం అంటే బురదలో పుట్టినది. అయినా బురదలో పుట్టిన ప్రతిదీ పంకజం కాదు, పద్మమే పంకజం. పారిభాషిక పదమంటే ఇంచుమించు ఎప్పుడూ యోగరూఢమే. పదంలోని అవయవాలు విద్యార్థికి ఒక దారి చూపుతాయి, శాస్త్ర నిర్వచనం ఆ దారికి హద్దు గీస్తుంది. హద్దు ఎక్కడుందో పాఠం చెప్పకపోతే విద్యార్థి పదాన్ని యౌగికంగానే గ్రహిస్తాడు. అప్పుడు బురదలో పుట్టిన ప్రతిదాన్నీ పద్మమనే ప్రమాదం ఏర్పడుతుంది.

2. బహిర్గతం, అంతర్గతం

మొదట తెలుగు పదం మూలపదం కంటె మేలుగా కుదిరిన సందర్భాన్ని చూడాలి. గ్రెగర్ మెండెల్ బఠాణీ మొక్కలపై చేసిన ప్రయోగాల వివరణను 1865లో సమర్పించాడు, అది 1866లో అచ్చయింది. గుండ్రని గింజల మొక్కను ముడతల గింజల మొక్కతో సంకరపరిస్తే మొదటి తరంలో అన్నీ గుండ్రని గింజలే వచ్చాయి. వాటి నుంచి వచ్చిన రెండవ తరంలో 5,474 గుండ్రనివి, 1,850 ముడతలవి. ఇది 3:1 నిష్పత్తికి చాలా దగ్గర. మొదటి తరంలో కనిపించిన లక్షణానికి మెండెల్ వాడిన జర్మన్ పదంలో 'ఆధిపత్యం' అన్న భావముంది. ఆంగ్లంలోనూ అదే నిలిచింది. ఆధిపత్యం వహించేది బలమైనదని, మేలైనదని, సంఖ్యలో ఎక్కువగా ఉండేదని అపోహపడటానికి ఆ పదమే అవకాశమిస్తుంది.

తెలుగు పాఠ్యపుస్తకాలు ఆ పదాన్ని అనుసరించలేదు. 'బహిర్గత లక్షణం', 'అంతర్గత లక్షణం' అన్నాయి. ఇందులో గెలుపు, ఓటమి లేవు. బయటకు కనిపించడం, లోపల ఉండిపోవడం మాత్రమే ఉన్నాయి. ముడతల లక్షణం మొదటి తరంలో నశించలేదు, లోపల నిలిచి రెండవ తరంలో తిరిగి వచ్చిందన్న మెండెల్ ప్రధాన నిర్ణయం ఈ రెండు పదాలలోనే ఇమిడి ఉంది. పదనిర్మాతల వివేకానికి ఇది మంచి నిదర్శనం.

అయితే యోగార్థం ఇక్కడ కూడా ఒక ప్రశ్నను మిగులుస్తుంది. బయటకు అంటే ఎవరి కంటికి? ముడతల గింజకు కారణమేమిటో 1990లో అణుస్థాయిలో తెలిసింది. పిండిపదార్థపు గొలుసులకు శాఖలు ఏర్పరచే ఎంజైమ్‌కు చెందిన జన్యువులోకి సుమారు 800 అక్షరాల అదనపు ముక్క చొరబడటం వల్ల ఆ ఎంజైమ్ సక్రమంగా తయారు కాదు. గింజలో చక్కెర పెరిగి, దానితో నీరు ఎక్కువగా చేరి, ఎండినప్పుడు గింజ ముడుచుకుంటుంది. సంకర మొక్కలో ఒక జన్యువు దెబ్బతిన్నా మరొకటి పనిచేస్తుంది కనుక గింజ గుండ్రంగానే ఉంటుంది. కాని అదే గింజలోని పిండి రేణువులను సూక్ష్మదర్శినిలో చూస్తే అవి రెండు రకాలకూ మధ్యస్థంగా కనిపిస్తాయి. కంటికి బహిర్గతమైనది సూక్ష్మదర్శినికి పూర్తిగా బహిర్గతం కాదు. బహిర్గతత్వం జన్యువుకు సహజగుణం కాదు, మనం ఏ స్థాయిలో చూస్తున్నామన్న దానిపై ఆధారపడిన వర్ణన. మెండెల్ అధ్యాయాన్నీ, డీఎన్ఏ అధ్యాయాన్నీ వేర్వేరుగా చదివే విద్యార్థికి ఈ ఒక్క ఉదాహరణ రెండింటినీ కలుపుతుంది. 'బహిర్గతం' అన్న పదమే ఆ వంతెనకు ఆధారం కాగలదు.

3. అనులేఖనం, అనువాదం

లేఖన రూపకం జన్యుశాస్త్రంలో మొదటి నుంచీ లేదు. మెండెల్ పరిభాషలో అక్షరాలు గుర్తులు మాత్రమే. వంశలక్షణాలు ఒక సంకేతలిపి రూపంలో ఉంటాయన్న ఊహను భౌతికశాస్త్రవేత్త ష్రోడింగర్ 1944లో బలంగా ప్రతిపాదించాడు. 1953లో వాట్సన్, క్రిక్ డీఎన్ఏ నిర్మాణాన్ని ప్రకటించిన తర్వాత ఆ ఊహకు భౌతికాధారం దొరికింది. 1961లో నైరెన్‌బర్గ్, మథాయ్ ఒకే అక్షరం పునరావృతమయ్యే ఆర్ఎన్ఏ నుంచి ఒకే అమైనో ఆమ్లపు గొలుసు రావడాన్ని చూపారు. 1966 నాటికి మూడక్షరాల సంకేతాలు 64 కూడా తేలాయి. వాటిలో 61 సంకేతాలు 20 అమైనో ఆమ్లాలను సూచిస్తాయి, మిగిలిన 3 ముగింపును సూచిస్తాయి. ఈ కృషికి 1968లో నోబెల్ బహుమతి పొందిన ముగ్గురిలో అవిభక్త పంజాబులో పుట్టిన హరగోవింద్ ఖొరానా ఒకరు.

డీఎన్ఏ నుంచి ఆర్ఎన్ఏ తయారు కావడాన్ని అనులేఖనం అనడం సార్థకం. లిపి దాదాపు అదే, ఆధారపత్రం మారింది. తాటాకు ప్రతిని చూసి కాగితంపై రాసుకోవడం వంటి పని అది. ఆర్ఎన్ఏ నుంచి ప్రోటీన్ తయారు కావడంలో మాత్రం వ్యవస్థే మారుతుంది. న్యూక్లియోటైడ్ల వరుస అమైనో ఆమ్లాల వరుస అవుతుంది. అందుకే దానికి వేరే పదం కావలసి వచ్చింది. అనులేఖనం, అనువాదం అన్న జంట ఈ తేడాను స్పష్టంగా నిలుపుతుంది.

అయినా 'అనువాదం' తెలుగు పాఠకుడికి ఖాళీ పాత్ర కాదు. మన సాహిత్య చరిత్ర అనువాదంతో పెనవేసుకున్నది. నన్నయ భారతం మూలానికి యథాతథమైన నకలు కాదు. తిక్కన భగవద్గీతను ఎంతో సంక్షేపించాడు. మన సంప్రదాయంలో అనువాదకుడు గ్రహిస్తాడు, ఎంచుకుంటాడు, విడిచిపెడతాడు, ఔచిత్యాన్ని నిర్ణయిస్తాడు. కణంలో జరిగే పనిలో ఇవేవీ లేవు.

దీన్ని నిరూపించిన ప్రయోగం 1962లో జరిగింది. సిస్టీన్ అనే అమైనో ఆమ్లాన్ని మోసే ఆర్ఎన్ఏకు సిస్టీన్ అతుక్కున్న తర్వాత, రసాయన చర్యతో ఆ సిస్టీన్‌ను అలనైన్‌గా మార్చారు. వాహక ఆర్ఎన్ఏ మారలేదు, మోస్తున్న సరుకు మారింది. రైబోసోమ్ ఆ మార్పును గుర్తించలేదు. సిస్టీన్ చేరవలసిన చోట అలనైన్‌ను చేర్చింది. అంటే రైబోసోమ్‌కు 'అర్థం' తెలియదు, సంకేతానికి వాహకం సరిపోయిందా లేదా అన్నదే దానికి పట్టు. ఏ అమైనో ఆమ్లం ఏ వాహకానికి అంటుకోవాలో అంతకుముందే వేరే ఎంజైములు నిర్ణయించాయి. నిఘంటువు ఒకచోట, దాన్ని వాడే యంత్రం మరొకచోట ఉన్నాయి. 'కణం సందేశాన్ని అర్థం చేసుకుని అనువదిస్తుంది' వంటి వాక్యం రాస్తే, చదవడానికి హాయిగా ఉన్నా, ఈ ప్రయోగం తేల్చిన విషయాన్ని అది కప్పిపెడుతుంది. ఇక్కడ పదాన్ని మార్చవలసిన అవసరం లేదు, హద్దు చెప్పవలసిన అవసరం ఉంది.

4. ఉత్పరివర్తనం, పాఠభేదం

లేఖన రూపకాన్ని స్వీకరించిన పరిభాష, డీఎన్ఏలో వచ్చే మార్పు దగ్గరకు వచ్చేసరికి ఆ రూపకాన్ని విడిచిపెట్టింది. 'ఉత్పరివర్తనం' రెండు ఉపసర్గలు చేరిన పదం. పరివర్తనం తెలిసినవారికి కూడా 'ఉత్' చేర్చిన విశేషమేమిటో వెంటనే స్ఫురించదు. మన పాఠపరిష్కరణ శాస్త్రంలో ఇదే విషయానికి సన్నిహితమైన పదజాలం సిద్ధంగా ఉంది. లేఖకప్రమాదం, పాఠభేదం, లుప్తపాఠం, ప్రక్షిప్తం అన్న నాలుగు పదాలు అక్షరం మారడాన్ని, ప్రతులు భిన్నం కావడాన్ని, భాగం పోవడాన్ని, కొత్త భాగం చేరడాన్ని చెబుతాయి. బఠాణీ జన్యువులో చొరబడిన ముక్కను ప్రక్షిప్తమంటే తెలుగు శాఖలో ఎవరికీ వివరణ అవసరం ఉండదు.

పోలిక పదాలతో ఆగదు, పద్ధతికి కూడా వర్తిస్తుంది. సి.పి. బ్రౌన్ ఒక్కొక్క గ్రంథానికి అనేక ప్రతులు సేకరించి పండితుల చేత సరిచూపించాడు. ప్రతులను సరిచూసే పరిష్కర్త, రెండు ప్రతులలో ఒకే అసాధారణ దోషం కనిపిస్తే అవి రెండూ ఒకే మాతృక నుంచి వచ్చాయని అనుమానిస్తాడు. జీవపరిణామాన్ని డీఎన్ఏ ఆధారంగా పరిశీలించే శాస్త్రవేత్త కూడా ఉమ్మడి మార్పులను బట్టి ఉమ్మడి పూర్వికుణ్ణి ఊహిస్తాడు. ఒకే దోషం రెండుచోట్ల స్వతంత్రంగా పుట్టవచ్చునన్న జాగ్రత్త ఇద్దరికీ సమానమే.

ఈ పోలికకూ హద్దు ఉంది. లేఖకుడు అర్థం తెలిసి పొరపాటు పడతాడు. తెలియని మాటకు బదులు తెలిసిన మాట రాస్తాడు, యతి తప్పిందనుకుని దిద్దుతాడు. డీఎన్ఏను ప్రతి తీసే ఎంజైమ్‌కు కూడా ప్రూఫు దిద్దే సామర్థ్యం ఉంది. తప్పు అక్షరం చేరితే వెనక్కి వెళ్లి తీసివేస్తుంది. కాని అది చూసేది జత కుదిరిందా లేదా అన్నదే, అర్థం కుదిరిందా అని కాదు. గ్రంథానికి కర్త ఉంటాడు, ఆయన పాఠం 'సరైన పాఠం'గా మనకు గమ్యం. జన్యుపాఠానికి అటువంటి కర్తృపాఠం లేదు. కాబట్టి ప్రతి భేదాన్నీ దోషమనలేం. దోషం కంటె 'భేదం' అన్న మాటే ఇక్కడ శాస్త్రసమ్మతం.

5. శుద్ధం, సంకరం, విషమం

పదాల యోగార్థం తరగతి గది దాటి సమాజంలోకి వెళ్లే చోట ఈ హద్దుల అవసరం తీవ్రమవుతుంది. 'శుద్ధ వంశక్రమం', 'సంకరం' అన్నవి మెండెల్ ప్రయోగాన్ని చెప్పడానికి వాడే పదాలు. భగవద్గీత ప్రథమాధ్యాయంలో అర్జునుడు వ్యక్తం చేసే భయాలలో వర్ణసంకరం ఒకటి. సంకరజాతి పశువులు, సంకర విత్తనాలు అన్నప్పుడు రైతు వ్యవహారంలో ఆ పదానికి మేలైన అర్థమే ఉన్నా, మనుషుల వంశాల ప్రసక్తి రాగానే పాత వాసన తిరిగి వస్తుంది. ఒక లక్షణం విషయంలో రెండు యుగ్మవికల్పాలూ ఒకే రకంగా ఉండటమే ఇక్కడ శుద్ధత అని, అది మొత్తం జీవికి గాని వంశానికి గాని చెందిన గౌరవం కాదని పాఠం ఆ చోటనే చెప్పాలి.

యుగ్మవికల్పాలు భిన్నంగా ఉన్న స్థితికి స్థిరపడిన పదం 'విషమయుగ్మజం'. సంస్కృతంలో విషమమంటే సమం కానిది. తెలుగు వ్యవహారంలో 'పరిస్థితి విషమించింది' అన్నప్పుడు వినిపించేది ప్రాణాపాయం. సికిల్ సెల్ వ్యాధి సందర్భంలో ఈ తేడా చిన్నది కాదు. హిమోగ్లోబిన్ బీటా గొలుసులో ఆరవ స్థానాన గ్లుటామిక్ ఆమ్లం బదులు వాలిన్ చేరడం దీనికి మూలమని 1957లో ఇన్‌గ్రామ్ తేల్చాడు. ఒక్క అక్షరపు భేదం వల్ల సంకేతం జీఏజీ నుంచి జీయూజీ అవుతుంది. రెండు జన్యువులూ అలా ఉన్నవారికి వ్యాధి వస్తుంది. ఒక్కటే ఉన్నవారు వాహకులు. వారు సాధారణంగా ఆరోగ్యంగానే ఉంటారు, పైగా తీవ్రమైన మలేరియా నుంచి కొంత రక్షణ పొందుతారు. తెలుగు రాష్ట్రాల ఏజెన్సీ ప్రాంతాలలోని ఆదివాసీ సముదాయాలలోనూ ఈ వ్యాధి ఉంది. 2023లో ప్రారంభమైన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమంలో రక్తపరీక్షలతో పాటు సలహా కూడా భాగమే. ఆ సలహా ఇచ్చే ఆరోగ్య కార్యకర్త తాను చదువుకున్న పాఠ్యపుస్తకపు భాషలోనే ఆలోచించే అవకాశం ఎక్కువ. ఆరోగ్యంగా ఉన్న వాహకురాలికి తన స్థితి 'విషమం' అని వినిపించకూడదు.

నిష్పత్తిని చెప్పే వాక్యానికీ ఇదే వర్తిస్తుంది. తల్లిదండ్రులిద్దరూ వాహకులైతే 'నలుగురు పిల్లలలో ఒకరికి వ్యాధి వస్తుంది' అని రాస్తే, మొదటి బిడ్డకు వచ్చింది గనుక మిగిలిన ముగ్గురికీ భయం లేదని ఒక కుటుంబం అనుకోవచ్చు. 'ప్రతి కాన్పులోనూ బిడ్డకు వ్యాధి వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు' అన్నదే సరైన వాక్యం. లెక్క రెండింటిలోనూ ఒకటే. వాక్యనిర్మాణం మారితే నిర్ణయం మారుతుంది.

6. ముగింపు

పై పరిశీలన వల్ల కొన్ని నిర్ణయాలు చేయవచ్చు. స్థిరపడిన పదాలను తీసివేసి ఆంగ్ల పదాలు పెట్టడం పరిష్కారం కాదు. ఆ భాషలోని పదాలూ రూపకాలే, వాటికీ వాటి అపోహలున్నాయని 'ఆధిపత్యం' చూపుతుంది. బహిర్గతం, అనులేఖనం వంటి పదాలను యోగార్థ వివరణతో బోధిస్తే అవి విద్యార్థికి బలమవుతాయి. అనువాదం, సంకరం, విషమయుగ్మజం వంటి పదాలకు నిర్వచనంతో పాటు 'ఇది కాదు' అని చెప్పే ఒక వాక్యం తప్పనిసరి. ఉత్పరివర్తనం వంటి చోట పాఠపరిష్కరణ పదజాలాన్ని వివరణకు తోడుగా వాడుకోవచ్చు.

పారిభాషిక పదాల పరిశీలనను నిఘంటు నిర్మాణంగా మాత్రమే చూసినంతకాలం అది శాస్త్ర విభాగాల పనిగానే మిగులుతుంది. పదం పుట్టించే ఊహను, వాక్యం కలిగించే నమ్మకాన్ని పరీక్షించడం సాహిత్య విమర్శకు తెలిసిన పని. కావ్యంలో రూపకం ఎక్కడ నిలుస్తుందో, ఎక్కడ భంగపడుతుందో చూపే విమర్శకుడు పదో తరగతి జీవశాస్త్ర పాఠంలోనూ అదే పని చేయగలడు. తెలుగులో చదివి శాస్త్రాన్ని అర్థం చేసుకోవలసిన విద్యార్థికి, ఆ విద్యార్థి రేపు మాట్లాడబోయే కుటుంబానికి ఆ విమర్శ అవసరం.