కేబుల్ నుంచి స్ట్రీమింగ్‌కు: రావులపాలెం ఇళ్లలో వీక్షణ మార్పు - విమర్శనాత్మక పరిశీలన

1. ఉపోద్ఘాతం:

గౌతమి, వసిష్ఠ పాయల నడుమ 16వ నంబరు జాతీయ రహదారిపై ఉన్న రావులపాలెం కోనసీమకు ముఖద్వారం. తక్కిన తెలుగు పట్టణాల్లాగే ఇక్కడా కేబుల్ కనెక్షన్ మానుకొని, ఇంటర్నెట్ ద్వారా కార్యక్రమాలు చూసే పద్ధతి ఇళ్లలోకి వచ్చింది. ఈ మార్పును సాధారణంగా నెలసరి ఖర్చుతోను, దొరికే సినిమాల సంఖ్యతోను కొలుస్తారు. అవి అవసరమైన ప్రశ్నలే. అయితే మాధ్యమం మారినప్పుడు కథ చెప్పే తీరు, చూసేవారి మధ్య సంబంధం, ప్రసారంపై అదుపు కూడా మారతాయి. ఈ మూడింటినీ పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. తీగ - ఆపరేటరు:

హైదరాబాదు దూరదర్శన్ కేంద్రం 1977లో ప్రారంభమైంది. 1995లో జెమిని, ఈటీవీ రావడంతో తెలుగు ఇంట ఉపగ్రహ ఛానెళ్ల కాలం మొదలైంది. ఊళ్లో ఒకచోట డిష్ పెట్టి, స్తంభం నుంచి స్తంభానికి తీగ లాగి, నెలనెలా ఇంటికి వచ్చి డబ్బు వసూలు చేసుకునే కేబుల్ ఆపరేటరు ఈ వ్యవస్థకు కేంద్రం. అతడు నడిపే స్థానిక ఛానెల్లో ఊరి ఉత్సవాలు, దుకాణాల ప్రకటనలు కనిపించేవి. బొమ్మ రాకపోతే ఎవరిని అడగాలో ఇంటిల్లిపాదికీ తెలుసు.

ఆ తర్వాత సెట్‌టాప్ బాక్సు తప్పనిసరి అయింది. 2019లో ట్రాయ్ కొత్త టారిఫ్ విధానం అమలులోకి వచ్చాక, కావలసిన ఛానెల్‌ను ఎంచుకొని దానికే వెల చెల్లించే పద్ధతి ఏర్పడింది. స్ట్రీమింగ్ కంటే ముందే ప్రేక్షకుడు ఎంపిక చేసుకునే వినియోగదారుడిగా మారాడన్నమాట. 2017 డిసెంబరులో జాతికి అంకితమైన ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్, నెలకు 149 రూపాయల ప్రారంభ ధరతో ఇంటర్నెట్, టీవీ, ఫోన్ మూడింటినీ ఒకే తీగపై అందించింది. ఆ తీగ విద్యుత్ స్తంభాల మీదుగా సాగి, స్థానిక కేబుల్ ఆపరేటర్ల ద్వారానే ఇళ్లకు చేరింది. కాబట్టి “కేబుల్ పోయి ఇంటర్నెట్ వచ్చింది” అన్న మాట సగమే నిజం. చాలాచోట్ల తీగ వేసిన చేయి అదే. ఆ తీగలో ప్రవహించేది మారింది.

3. కథన రూపం:

కేబుల్ కాలపు ప్రధాన కథారూపం దైనిక ధారావాహిక. స్టార్ మా ప్రసారం చేసిన ‘కార్తీకదీపం’ 2017లో మొదలై 2023 జనవరి వరకు, 1500కు పైగా భాగాలుగా సాగింది. వంటింటి పని మధ్యలో ఒక భాగం తప్పిపోయినా కథ అందాలి గనుక సంభాషణల్లో జరిగినదే మళ్లీ చెప్పడం, ముఖాలను వరుసగా దగ్గరగా చూపడం, ప్రకటనకు ముందు ఉత్కంఠను నిలపడం దాని లక్షణాలయ్యాయి. విమర్శకులు సాగదీత అని నిరసించిన ఈ లక్షణాలు, నిర్ణీత వేళకు పలువురు కలిసి, సగం శ్రద్ధతో చూసే వీక్షణకు తగినట్లు ఏర్పడినవి. ఈ సంగతిని గుర్తించకుండా ధారావాహికను తూచడం న్యాయం కాదు.

స్ట్రీమింగ్ కథకు ఆ నిర్బంధం లేదు. ఆహా 2020 ఉగాదినాడు తెలుగుకే ప్రత్యేకించిన వేదికగా ప్రారంభమైంది. 2024 జనవరిలో ఈటీవీ విన్‌లో వచ్చిన ‘నైన్టీస్ - ఎ మిడిల్ క్లాస్ బయోపిక్’ ఆరు భాగాల్లో ముగిసింది. అందులో పునరుక్తి తక్కువ. చిన్న సంఘటనలకే విలువ ఎక్కువ. ఇంటిల్లిపాదీ ఒకే తెర ముందు కూర్చున్న దశాబ్దపు జ్ఞాపకాన్ని, ఎవరికి వారు ఫోనులో చూడగల మాధ్యమం అమ్మకానికి పెట్టడం ఇందులోని వైచిత్రి. కలిసి చూడడం వాస్తవంలో తగ్గేకొద్దీ అది కథావస్తువుగా మారుతున్నది. మరోవైపు, ఛానెళ్ల ధారావాహికలు కూడా స్ట్రీమింగ్ వేదికలపై దొరుకుతున్నాయి. పాత రూపం నశించలేదు. దాని వేళ మాత్రమే చెదిరింది. రాత్రి చూసిన భాగం గురించి మర్నాడు పొరుగింటివారితో మాట్లాడుకోవాలంటే ఇద్దరూ ఒకే భాగం చూసి ఉండాలి. ఆ ఏకకాలత ఇప్పుడు హామీగా లేదు.

4. అదుపు ఎవరిది:

2022 మే 24న జిల్లా పేరు మార్పు విషయమై అమలాపురంలో హింస చెలరేగిన తరువాత, కోనసీమలో మొబైల్ ఇంటర్నెట్‌ను రోజుల తరబడి నిలిపివేశారు. ఇంటి నుంచి పనిచేసే ఉద్యోగులు సిగ్నల్ కోసం పొరుగు ప్రాంతాలకు వెళ్లవలసి వచ్చింది. కేబుల్ మానుకొని కేవలం మొబైల్ డేటాపై ఆధారపడిన ఇంటికి ఆ రోజుల్లో వినోదంతో పాటు వార్త కూడా ఆగిపోతుంది. వార్త అత్యవసరమైన సమయమూ అదే.

కేబుల్ స్వేచ్ఛకు నిలయమని దీని అర్థం కాదు. 1995 నాటి కేబుల్ టెలివిజన్ నెట్‌వర్క్‌ల నియంత్రణ చట్టం ఒక కార్యక్రమాన్ని గాని, ఛానెల్‌ను గాని నిషేధించే అధికారాన్ని అధికారులకు ఇచ్చింది. కాని అక్కడ నిషేధానికి ఒక లక్ష్యం ఉంటుంది. ఒకటి ఆగినా తక్కినవి నడుస్తాయి. ఇంటర్నెట్ నిలిపివేతలో సినిమా, పాఠం, వార్త, ఉద్యోగం అన్నీ ఒక్కసారే ఆగుతాయి. అన్నింటినీ ఒకే మార్గంలో చేర్చడం వల్ల కలిగిన సౌలభ్యమే ఆ బలహీనతకు మూలం.

5. ముగింపు:

స్ట్రీమింగ్ తెలుగు కథకు క్లుప్తతను, ముగింపును తెచ్చింది. వీక్షకుడికి వేళపై స్వేచ్ఛనిచ్చింది. అదే సమయంలో ఊరంతా ఒకేసారి చూసే అనుభవాన్ని, స్థానిక ఛానెల్‌కున్న ఊరి ముఖాన్ని బలహీనపరిచింది. కాబట్టి తెలుగు దృశ్యమాధ్యమ విమర్శ కథావస్తువు, నటన దగ్గర ఆగిపోకుండా, ఆ కథ ఏ దారిలో ఇంటికి వచ్చిందో, ఆ దారిని మూసే అధికారం ఎవరి చేతిలో ఉందో కూడా పరిశీలించాలి. కేబుల్ తీసివేయాలా వద్దా అన్న నిర్ణయం ఇంటిదే. ఆ నిర్ణయంతో ఏది వస్తున్నదో, ఏది పోతున్నదో స్పష్టంగా చెప్పడం విమర్శ బాధ్యత.