అంతుచిక్కనిది రోగమా, రోగా?

ఉద్దానం కిడ్నీజబ్బు మీద వచ్చే రాతల్లో రెండు మాటలు తప్పవు. ఒకటి ‘ఉద్యానవనం’, రెండోది ‘అంతుచిక్కని వ్యాధి’. కొబ్బరి, జీడి తోటల పచ్చదనం తెగ వర్ణిస్తారు. ఆ తోటలో ఎండకి మాడే కూలోడు మాత్రం మంచం పట్టాకే కనిపిస్తాడు, అదీ ఒక క్రియాటినిన్ అంకెగా.

కారణం పూర్తిగా తేలలేదన్నది నిజమే. కానీ శ్రీలంక వరిరైతులూ, నికరాగువా చెరకు కూలీలూ ఇలాంటి జబ్బుతోనే పోయారు. ఒళ్ళు వంచేవాళ్ళకే ఎందుకొస్తోందని అడిగితే, ఈ దేశంలో ఒళ్ళు వంచే కులాలేవో కూడా అడగాలి.

రోగం కులం చూసి రాదంటారు. సరే. వైద్యం అందడంలో మాత్రం కులం, భూమి రెండూ ఉన్నాయి. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చింది. 2019లో డయాలసిస్ రోగుల పింఛను 10,000 అయింది. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి తెరిచారు. జనం అడగ్గా అడగ్గా వచ్చినవే ఇవి. అయినా డయాలసిస్‌కి వారానికి రెండు మూడుసార్లు, ప్రతిసారీ నాలుగేసి గంటలు పడుతుంది. ఉద్దానం పక్కనున్న భావనపాడులాంటి తీరపు ఊరినుంచి వెళ్ళొస్తే ఆ రోజు పోయినట్టే. తోడెళ్ళిన ఆలి కూలి ఏ లెక్కలోనూ ఉండదు. భూమున్నోడికి అది ఖర్చు, లేనోడికి పస్తు.

రక్తం, మూత్రం, బావినీళ్ళు పట్టుకెళ్ళినవాళ్ళు ఎందరో. ఏం తేలిందో తిరిగొచ్చి ఊరికి చెప్పినవాళ్ళెందరు? ‘ఏటయినాది బాబూ?’ అని రోగి అడిగితే ఇంగ్లీషు కాగితం చేతిలో పెడుతున్నాం. పరిశోధకులుగా మనమూ ఇందులో ఉన్నాం. రోగి చెప్పిన మాట కేసుషీటులోకి ఎక్కనంతకాలం అంతుచిక్కనిది రోగం ఒక్కటే కాదు.