ఆరు తంతుల మీద ఆంధ్ర క్రైస్తవ కీర్తన

మైకు అందుకున్న పాస్టరుగారు పాట ఏ శ్రుతిలో ఎత్తుకుంటారో ఎత్తుకునేదాకా ఆయనకే తెలియదు. ఆదోని, ఎమ్మిగనూరు వైపు ఆదివారం ఆరాధనలో గిటార్ పట్టుకున్న కుర్రాడికి మొదటి పరీక్ష అదే. పల్లవి సగానికి వచ్చేలోపు అయిదో తంతి మీద వేలు జార్చి షడ్జం ఎక్కడుందో పట్టుకోవాలి. అది రెండున్నర శ్రుతి అని తేలితే మూడో మెట్టుకు క్యాపో బిగించి, సి మేజర్ పట్టుతో చప్పుడు లేకుండా జనంలో కలిసిపోవాలి. మంచి మాస్టారి చేతికింద పెరిగిన వాడు ఇదంతా ఒక్క ఆవర్తంలో కానిచ్చేస్తాడు. చూసేవాళ్లకు అక్కడ ఏదో జరిగిందని కూడా తెలియదు. అదీ పనితనం!

ఎత్తుకున్నది పాత కీర్తనైతే పరీక్ష ఇంకా గట్టిది. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో పాట నెత్తిన రాగం పేరు, తాళం పేరు అచ్చై ఉంటాయి. ఈ బాణీకి పెద్దదిక్కు పురుషోత్తమ చౌదరి (1803–1890). బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి, 1833లో కటక్‌లో బాప్తిస్మం పొంది, తెలుగులో వందకు పైగా కీర్తనలు కట్టిన మహానుభావుడు. త్యాగయ్య ఇంకా తిరువయ్యారులో పాడుకుంటున్న రోజులవి. క్రీస్తును తెలుగువాడి చెవికి తెలుగు సంగీతంతోనే వినిపించాలన్న పట్టుదల చౌదరిగారిది. ఆ పట్టుదల విలువ ఈనాటి పాటల నిర్మాతల్లో ఎందరికి తెలుసు?

సీమలో ఈ కథ బళ్లారి దగ్గర మొదలవుతుంది. లండన్ మిషన్ వాళ్లు 1810లోనే అక్కడ అడుగుపెట్టారు. ఆదోని 1953 దాకా ఆ జిల్లాలోదే. ఇటువైపు గిటార్ ఎప్పుడొచ్చిందంటే పెద్దలు తలో మాట చెబుతారు. మద్రాసు–బొంబాయి రైలు దారిలో ఉన్న పత్తి బజారుకు ఏ సరుకు రావడమైనా ఎంతసేపని నవ్వేస్తారు.

అసలు విద్య ఎడమచేతిలో ఉంది. మోహన రాగంలోని కీర్తన తీసుకుందాం. స రి గ ప ద, అయిదే స్వరాలు. మధ్యమం, నిషాదం లేవు. యూట్యూబ్ చూసి నేర్చుకున్న వాడు సి, జి, ఏ మైనర్, ఎఫ్ అని నాలుగు కార్డులు తెచ్చి దేనికైనా అవే తగిలిస్తాడు. ఎఫ్‌లో మధ్యమం ఉంది, జిలో నిషాదం ఉంది. రాగంలో లేని రెండు స్వరాలనూ కోరి పిలిచి కూర్చోబెట్టినట్టే. తెలిసిన మాస్టారు ఏం నేర్పుతాడంటే, సి మేజర్‌లో స గ ప, ఏ మైనర్‌లో ద స గ ఉన్నాయి కాబట్టి ఆ రెండూ మోహనకు నిక్షేపంగా సరిపోతాయి. పంచమం మీద ఆగాల్సి వస్తే కార్డు మొత్తం మీటకుండా ప, రి రెండు తంతులే పలికిస్తే చాలు. హిందోళంలో ఇంకో చిక్కు. అందులో పంచమమే లేదు కాబట్టి షడ్జం మీద కట్టిన మామూలు కార్డే పనికిరాదు. మధ్యమం మీద మైనర్, ధైవతం మీద మేజర్ పట్టాలి. ఇంత లెక్క కట్టి వాయించినప్పుడు పాడే అవ్వ గొంతులోని రాగానికి గిటార్ అడ్డుపడదు, ఊతమవుతుంది.

గమకం మాటకొస్తే, మెట్లున్న వాద్యానికి అది రాదనేవాళ్లు పాలకొల్లు వీరుణ్ని ఒక్కసారి తలుచుకోవాలి. మాండలిన్ శ్రీనివాస్ జంట తంతులను వదిలి, అయిదు ఒంటి తంతుల ఎలక్ట్రిక్ మాండలిన్ మీద కర్ణాటక సంగీతాన్ని నిలబెట్టాడు. 1978లో గుడివాడలో త్యాగరాజ ఆరాధనలో తొలి కచేరీ చేసేనాటికి ఆయన పదేళ్లు నిండని పిల్లవాడు. తంతిని పక్కకు లాగి, వేలు జార్చి గాంధారాన్ని ఊపడం గిటార్ మీదా సాధ్యమే. కీబోర్డు అభిమానులకు కోపం వచ్చినా సరే, మీట నొక్కితే కదలకుండా పలికే స్వరానికి ఆ జీవం రాదు.

ఇక కుడిచెయ్యి. ఎమ్మిగనూరు పిల్లలకు ఇది చెప్పడం సులువు. 1938లో మాచాని సోమప్ప నేతగాళ్ల సహకార సంఘం పెట్టిన ఊరు కదా. మగ్గంలో నాడె అటూ ఇటూ ఆగకుండా ఆడినట్టు చెయ్యి పైకీ కిందికీ ఆడుతూనే ఉండాలి, తంతిని తాకినా తాకకపోయినా. మిశ్రచాపు వస్తే ఏడు దెబ్బలు: తకిట తకధిమి. మొదటి త దగ్గరా, నాలుగో దెబ్బ దగ్గరా బొటనవేలితో మంద్ర తంతి మీటాలి. నాలుగుకు అలవాటుపడ్డ చెయ్యి ఎనిమిదో దెబ్బ కోసం వెతుక్కుంటుంది. మాస్టారి నోటికి పని పడేది అక్కడే. "ఏమప్పా, తాళం ఇంటికేసొచ్చినావా?" అంటాడు. ఇంకా తప్పితే, "దావీదు అంత బాగా సితారా వాయిస్తేనే సౌలు ఈటె ఇసిరినాడు. నీ వాయింపు ఇనింటే ఏం ఇసురుతాండెనో!"

ఈ హాస్యం ఊరికే కాలక్షేపం కాదు, బోధనలో భాగం. బుర్రకథలో కథకుడి పక్కన హాస్యం చెప్పే వంత ఎందుకుంటాడో దీనికీ అదే కారణం. షేక్ నాజర్ (1920–1997) కథ విన్నవాళ్లకు తెలుసు, నవ్విన మరుక్షణం జనం చెవి రెండింతలు తెరుచుకుంటుంది. క్రీస్తు కథనూ బుర్రకథగా చెప్పినవాళ్లు మనకున్నారు. క్రిస్మస్ నాటికలో హేరోదు మీసం ఊడితే నవ్వని విశ్వాసి ఎవరు? నవ్వితే భక్తి తగ్గుతుందనుకునే పెద్దలు జాషువాను చదవాలి. 'గబ్బిలం'లో అంత వాడి వ్యంగ్యం రాసిన కలమే 'క్రీస్తు చరిత్ర' రాసి 1964లో సాహిత్య అకాడమీ పురస్కారం అందుకుంది.

ఇంతటి విద్యను ఇప్పుడు ఒక పెన్‌డ్రైవ్ మింగేస్తోంది. మైనస్ ట్రాక్ పెట్టేస్తారు, దాని మీద పాడేస్తారు. ట్రాక్ ఎవరికోసమూ ఆగదు. చరణం చివర రాగం తీసే అవ్వ ఊపిరి పీల్చుకునేలోపు డ్రమ్ము తరువాతి పంక్తిలోకి దూకేస్తుంది. రెండు ఆదివారాలు అలా జరిగితే ఆ అవ్వ పాడటం మానేస్తుంది. ఆమెతో పాటు ఆమెకు నోటికొచ్చిన వరుసలూ పోతాయి. ఇంకొందరు సినిమా పాట వరుసకు ప్రభువు పేరు అతికించి కొత్త కీర్తన అంటున్నారు. పుస్తకంలో అచ్చైన రాగాన్ని, తాళాన్ని చూసేవాడు లేడు. నాసిరకం ప్లైవుడ్ గిటార్ కొని, అది శ్రుతిలో నిలవక, తనకే విద్య రాదనుకుని మానేసే పిల్లలు మరో పక్క. ఇది మార్పు కాదు, నిర్లక్ష్యం.

సంఘ పెద్దలు తలుచుకుంటే ఇది ఖర్చు లేని పని. నెలలో ఒక ఆదివారం ట్రాక్ కట్టేయండి. ఒక గిటార్, ఒక డోలక్, ఒక తాంబురీన్‌తో పుస్తకంలోని కీర్తనను దాని రాగంలో, దాని తాళంలో పాడించండి. డిసెంబరులో ఇంటింటికీ తిరిగే క్యారల్స్‌కు కరెంటు వెంట రాదు, భుజాన గిటారే వస్తుంది. అప్పటికి పిల్లల చెయ్యి సిద్ధంగా ఉండాలంటే పాఠం ఇప్పుడే మొదలు కావాలి. పాత వరుసలు తెలిసిన అవ్వలను ముందు వరసలో కూర్చోబెట్టి, వాళ్ల పాటను సెల్‌ఫోన్లలోనైనా రికార్డు చేయండి. మాస్టారికి ఫీజు ఇవ్వండి, పండక్కి శాలువా కప్పి సరిపెట్టకండి.