బస ఎక్కడ: లక్డీకాపూలా, గచ్చిబౌలా?

హైదరాబాదులో రెండు రోజులుండి పిల్లలకు నగరం చూపించి రావాలనుకునే కుటుంబాలు ముందు గది అద్దె చూస్తాయి. తర్వాత ఫొటోలు, ఆ తర్వాత ఎవరెవరో ఇచ్చిన రేటింగు. ఆ గది ఏ ప్రాంతంలో ఉందన్నది ఆఖరున చూస్తాయి. ఈ వరస తిరగబడాలని నా వాదన. వారం పది రోజులుండే పనైతే ఎక్కడ దిగినా సర్దుకోవచ్చు. రెండు రోజుల ప్రయాణంలో మాత్రం రోడ్డు మీద గడిచిన గంట మళ్లీ దొరకదు. పెద్దవాళ్లు, పసిపిల్లలు వెంట ఉన్నప్పుడు ఆ గంట బరువు ఇంకా ఎక్కువ.

జిల్లాల నుంచి వచ్చేవాళ్లకు ఎంపిక చివరికి రెండు చోట్ల మధ్య తేలుతుంది. ఒకటి లక్డీకాపూల్, నాంపల్లి, అబిడ్స్ కలిసిన పాత నడిబొడ్డు. రెండోది హైటెక్ సిటీ, గచ్చిబౌలి, కొండాపూర్ కలిసిన పడమటి కొత్త నగరం. మొదటి చోట లాడ్జీలు రైలు దిగి వచ్చేవాళ్ల కోసం, ప్రభుత్వ కార్యాలయాల్లో పని ఉన్నవాళ్ల కోసం, ఆసుపత్రికి వచ్చేవాళ్ల కోసం పెరిగాయి. రెండో చోట హోటళ్లు కంపెనీల పని మీద వచ్చే ఉద్యోగుల కోసం వెలిశాయి. సరదాగా ఊరు చూడవచ్చిన కుటుంబాన్ని దృష్టిలో పెట్టుకుని కట్టిన గదులు రెండు చోట్లా తక్కువే. కాబట్టి ఎవరి కోసమో కట్టిన గదిలో మన ఇంటిల్లిపాదీ ఎంతవరకు ఇముడుతుందో చూసుకోవాలి.

మొదట దిగే వేళ సంగతి. రాయలసీమ నుంచో, గోదావరి జిల్లాల నుంచో రాత్రి రైలెక్కితే చాలావరకు తెల్లవారుజామునే దిగుతాం. పిల్లలు నిద్రమత్తులో ఉంటారు, అమ్మమ్మకు స్నానం కాకుండా కాఫీ కూడా దిగదు. పడమటి హోటళ్లలో గది ఇచ్చేది మధ్యాహ్నం పన్నెండుకో, రెండుకో. ముందే ఇవ్వమంటే ఖాళీ ఉంటే చూస్తామంటారు, కొన్నిచోట్ల సగం రోజు అద్దె అడుగుతారు. లక్డీకాపూల్, నాంపల్లి లాడ్జీల్లో చాలా వాటిది ఇరవైనాలుగు గంటల లెక్క. ఆరింటికి దిగితే మర్నాడు ఆరింటి దాకా గది మీదే.

అయితే ఈ లెక్కకు రెండో వైపు ఉంది. శనివారం ఉదయం ఆరింటికి దిగి ఆదివారం రాత్రి రైలెక్కేవారు ఇరవైనాలుగు గంటల లాడ్జీలో రెండు రోజుల అద్దె కట్టాలి. మధ్యాహ్నం పన్నెండింటికి గది ఇచ్చే హోటల్లో ఒక్కరోజుది కడితే సరిపోతుంది, సామాను రిసెప్షన్లో పెట్టి తిరగొచ్చు. అలా చేస్తే శనివారం పొద్దుటి స్నానమూ పోతుంది, ఆదివారం మధ్యాహ్నం నడుం వాల్చే చోటూ పోతుంది. పెళ్లయిన కొత్తలో ఇద్దరే వెళ్తే ఆ డబ్బు మిగుల్చుకోవచ్చు. పిల్లలూ పెద్దలూ వెంట ఉంటే రెండో రోజు అద్దె కట్టడమే నయమంటాను.

పడమటి వైపు న్యాయంగా చెప్పాల్సిన మాట ఒకటుంది. తిరుపతి నుంచి వచ్చే నారాయణాద్రి, కాకినాడ నుంచి వచ్చే గౌతమి రైళ్లు లింగంపల్లి దాకా వెళ్తాయి. లింగంపల్లిలో దిగితే గచ్చిబౌలి, కొండాపూర్ దగ్గరే. 2025 జనవరిలో కొత్త టెర్మినల్ ప్రారంభమయ్యాక కొన్ని రైళ్లు ఊరి తూర్పు కొసన ఉన్న చర్లపల్లికి మారాయి. అక్కడ దిగినవాళ్లు గచ్చిబౌలికి వెళ్లాలంటే నగరాన్ని ఈ చివరి నుంచి ఆ చివరికి దాటాల్సిందే. గది వెతికే ముందు టికెట్ మీద దిగే స్టేషన్ పేరు చూసుకోండి.

ఇక అసలు పరీక్ష మధ్యాహ్నం. కుటుంబ యాత్ర చెడిపోయేది సాధారణంగా ఒంటిగంటకూ నాలుగింటికీ మధ్యే. సాలార్‌జంగ్ మ్యూజియంలో సంగీత గడియారం ముందు చూడండి. పన్నెండు కొట్టడానికి ముందే పిల్లలంతా వచ్చి కూర్చుంటారు. బుల్లి బొమ్మ బయటికొచ్చి గంట కొడుతుంటే నోళ్లు తెరుచుకుని లెక్కపెడతారు. పన్నెండో గంట అయ్యాక అరగంటకే అదే పిల్లలు నాన్న భుజం ఎక్కుతారు. తాతయ్య గోడవారన చోటు వెతుక్కుంటారు. అక్కడి నుంచి ఎంజీబీఎస్ మెట్రో స్టేషన్ దగ్గరే. రెడ్ లైన్‌లో ఉస్మానియా మెడికల్ కాలేజీ, గాంధీభవన్, నాంపల్లి, అసెంబ్లీ దాటితే లక్డీకాపూల్. గదికి చేరి, తిని, కునుకు తీసి, ఐదింటికి మొహం కడుక్కుని గోల్కొండ సౌండ్ అండ్ లైట్ షోకు బయలుదేరవచ్చు.

అదే కుటుంబం బస గచ్చిబౌలిలో అయితే? ఎంజీబీఎస్‌లో ఎక్కి అమీర్‌పేటలో బ్లూ లైన్‌కు మారాలి. రాయదుర్గం దాకా వెళ్లి, అక్కడి నుంచి మళ్లీ ఆటో. మ్యూజియం గుమ్మం నుంచి గది గుమ్మానికి గంటకు పైగానే పడుతుంది. అలా వెళ్లి మళ్లీ ఎవరూ తిరిగి రారు. అందుకని మధ్యాహ్నమంతా ఎండలో, హోటల్ బల్లల దగ్గర, షాపుల మెట్ల మీద గడిపేస్తారు. సాయంత్రానికి ఇంటిల్లిపాదికీ చిరాకు పుట్టి చూడాల్సినవి సగంలో ఆపేస్తారు. గది ఎంత శుభ్రంగా ఉన్నా, పరుపు ఎంత మెత్తగా ఉన్నా, మధ్యాహ్నం అందని గది రాత్రి పడకకు తప్ప దేనికీ అక్కరకు రాదు. ఈ ఒక్క కారణంతోనే నా మొగ్గు పాత నడిబొడ్డు వైపు.

చూడదగ్గవి ఉన్న తీరూ దీన్నే బలపరుస్తుంది. 1591 నాటి చార్మినార్, లాడ్ బజార్, చౌమహల్లా, మక్కా మసీదు, సాలార్‌జంగ్ అన్నీ ఒక జట్టు. నౌబత్ పహాడ్ మీద బిర్లా మందిరం, దాని పక్కన ప్లానెటేరియం, సైన్స్ మ్యూజియం, ఎదురుగా హుసేన్‌సాగర్, లుంబినీ పార్కు, బుద్ధ విగ్రహం దగ్గరికి పడవ ఇంకో జట్టు. ఈ రెండు జట్లకూ మధ్యన ఉన్నది లక్డీకాపూల్, నాంపల్లే. గోల్కొండ, కుతుబ్‌షాహీ సమాధుల విషయంలో మాత్రం తేడా లేదు. అవి రెండు బసలకూ దాదాపు సమదూరం, గచ్చిబౌలి నుంచే కాస్త సులువేమో కూడా. సాలార్‌జంగ్, చౌమహల్లా శుక్రవారం మూస్తారు. జూపార్కు సోమవారం ఉండదు. శుక్రవారం దిగేవాళ్లు ఆ రోజు గోల్కొండ పెట్టుకుంటే మేలు.

ఇప్పుడు పాత నడిబొడ్డు లోపాలు. ఫొటోలో కిటికీ కనిపిస్తుంది, తెరిస్తే పక్క భవనం గోడ. లిఫ్టులో సూట్‌కేసు పెడితే మనుషులిద్దరు పడతారు. వేడినీళ్లు పొద్దున తొమ్మిదింటి దాకానే అని గోడకు కాగితం అంటించి ఉంటుంది. రోడ్డు వైపు గది ఇస్తే హారన్ల మోత, వెనక వైపు ఇస్తే జనరేటర్ మోత. డబుల్ రూమ్ అంటే ఇద్దరు పడుకునే మంచం, నడిచేందుకు సన్నటి సందు. ముగ్గురు నలుగురికి పరుపు కింద వేయించుకోవాలి, దానికి అదనపు రుసుము. మంచి గదులు లేవని కాదు, ఉన్నాయి. కానీ మంచిదీ చెడ్డదీ ఒకే వీధిలో, ఒకే అద్దెకు ఉంటాయి. ముందుగా ఎవరైనా వెళ్లి చూసి చెబితే తప్ప తేలదు.

ఇంకో సంగతి, చాలామంది ముందుగా ఊహించనిది. ఈ నడిబొడ్డులోనే రెడ్‌హిల్స్‌లో నిలోఫర్ పిల్లల ఆసుపత్రి, ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి ఉన్నాయి. చుట్టుపక్కల లాడ్జీల్లో రోగులకు తోడుగా వచ్చి వారాల తరబడి ఉండేవాళ్లు చాలామంది. వరండాలో తీగ మీద ఉతికిన తువ్వాళ్లు, కుర్చీలో ఫ్లాస్కు, ఫైలు పట్టుకుని లిఫ్టు కోసం నిలబడ్డ తల్లి కనిపిస్తారు. సరదాకు వచ్చిన కుటుంబానికి ఇది కాస్త బరువుగా ఉంటుంది. పిల్లలకు నాలుగు మాటలు చెప్పి గొంతు తగ్గించి తిరగమంటే చాలు, దీన్ని నేను లోపం కింద రాయను. వాళ్ల మూలంగానే అక్కడ మందుల షాపు, ఇడ్లీ బండి, ఆటో ఎంత పొద్దుపోయినా దొరుకుతాయి.

పడమటి నగరం గెలిచే చోట్లూ లేకపోలేదు. చంటిబిడ్డ ఉన్న ఇంటికి కొండాపూర్, గచ్చిబౌలి సర్వీస్ అపార్ట్‌మెంట్ వరం. ఇండక్షన్ పొయ్యి మీద మెత్తగా అన్నం ఉడికించుకోవచ్చు, పాలు కాచుకోవచ్చు. బిడ్డ తడిపిన గుడ్డలు వాషింగ్ మెషీన్‌లో వేయొచ్చు. రెండు పడకగదులుంటే పిల్లలు పడుకున్నాక పెద్దలు హాల్లో లైటు వేసుకుని మాట్లాడుకోవచ్చు. హోటల్ గదిలో ఈ సుఖం లేదు. ఆఫీసులున్న రోజుల్లో గిరాకీ ఉండే హోటళ్లకు శని, ఆదివారాల్లో అద్దె తగ్గుతుంది, కుటుంబాలు వచ్చేదీ అప్పుడే. అద్దె రోజుకు 7,500 రూపాయల లోపు ఉంటే జీఎస్టీ 5 శాతం, దాటితే 18 శాతం. ఆ గీతకు అటూ ఇటూగా ఉన్న గదిని ఎంచుకునేటప్పుడు పన్ను కలిపి చూసుకోవాలి. విమానంలో వచ్చేవాళ్లకు ఔటర్ రింగ్ రోడ్డు మీదుగా శంషాబాద్ నుంచి గచ్చిబౌలికి హాయిగా చేరొచ్చు.

పిల్లల మనసుకు నచ్చేవీ అక్కడున్నాయి. శిల్పారామం, కొండాపూర్ బొటానికల్ గార్డెన్, దుర్గం చెరువు మీద 2020లో తెరిచిన తీగల వంతెన, పెద్ద మాల్స్. మాల్ చూడటానికి అంత దూరం వెళ్లాలా అని పెద్దలు విసుక్కోవడం నాకు నచ్చదు. చిన్న ఊళ్లో పెరిగే పిల్లకు ఎస్కలేటర్ ఎక్కడం కూడా నగరం చూడటంలో భాగమే. అయితే ఒక సాయంత్రానికి సరిపోయే వాటి కోసం బస మొత్తం అక్కడ పెట్టుకోనక్కర్లేదు. లక్డీకాపూల్ నుంచి మెట్రోలో వెళ్లి రావచ్చు.

ఖర్చులో ఇంకో తేడా. 2023 డిసెంబరు నుంచి తెలంగాణ ఆడవాళ్లకు ఆర్టీసీ ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం. కోఠి, అఫ్జల్‌గంజ్ నుంచి సిటీ బస్సులు నలుదిక్కులా పోతాయి కనుక వరంగల్, నల్లగొండ నుంచి వచ్చే కుటుంబానికి పాత నడిబొడ్డులో తిరుగుడు ఖర్చు బాగా తగ్గుతుంది. ఆంధ్ర నుంచి వచ్చేవాళ్లకు ఈ సౌకర్యం వర్తించదు. నలుగురైదుగురుంటే వాళ్లకు దగ్గర దూరాలకు ఆటోనే కలిసొస్తుంది.

రామోజీ ఫిల్మ్ సిటీ మీద ఆశ ఉన్నవాళ్లకు ఈ రెండూ కుదరవు. అది విజయవాడ దారిలో, నగరం దాటాక ఉంది, ఒక రోజంతా తీసుకుంటుంది. ఉన్నది రెండు రోజులే అయితే దాన్ని ఇంకో ప్రయాణానికి అట్టిపెట్టడం మేలు. అదే ముఖ్యమైతే ఎల్బీనగర్ వైపు దిగండి. కూకట్‌పల్లిలో చుట్టాలున్నవాళ్ల సంగతి వేరు. వాళ్లింటికి భోజనానికి వెళ్లండి, పడక మాత్రం గదిలోనే పెట్టుకోండి. చుట్టాలింట్లో దిగితే రెండు రోజులూ వాళ్ల పలకరింపులకే సరిపోతాయి.

నా తీర్పు ఇది. మొదటిసారి వచ్చేవాళ్లు, పెద్దవాళ్లు వెంట ఉన్నవాళ్లు, స్కూలుకు వెళ్లే వయసు పిల్లలున్నవాళ్లు లక్డీకాపూల్, నాంపల్లి చుట్టూ ఉండాలి. అద్దెలో ఒక మెట్టు ఎక్కువ పెట్టి కొత్తగా బాగుచేసిన హోటల్ పట్టుకోవాలి. చంటిబిడ్డ ఉన్నవాళ్లు, చార్మినార్ ఇదివరకే చూసినవాళ్లు, లింగంపల్లిలో దిగేవాళ్లు గచ్చిబౌలి, కొండాపూర్‌కు వెళ్లొచ్చు. ఆదివారం కలిసొస్తే మాత్రం ఎవరైనా సరే అబిడ్స్ వైపు ఒక గంట ఉంచుకోండి. మూసిన షాపుల ముందు ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరుస్తారు, పిల్లలు కూర్చుని ఏరుకోవచ్చు.

వినాయక నిమజ్జనం రోజు తగిలేలా పాత నడిబొడ్డులో గది తీసుకోకండి. ఊరేగింపు మొజంజాహీ మార్కెట్, అబిడ్స్, బషీర్‌బాగ్ మీదుగానే ట్యాంక్‌బండ్‌కు సాగుతుంది, దారులు మూసేస్తారు. మిగతా రోజుల్లో డబ్బు కట్టే ముందు నేరుగా హోటల్‌కు ఫోన్ చేయండి. చెకిన్ ఎన్నింటికి, ఇరవైనాలుగు గంటల లెక్కేనా, లిఫ్టు పనిచేస్తోందా, వెస్టర్న్ టాయిలెట్ ఉందా, మూడో మనిషికి మంచమా పరుపా, వేడినీళ్లు ఎప్పటిదాకా అని అడగండి. వీటికి విసుక్కోకుండా జవాబు చెప్పిన చోటే గది తీసుకోండి.