బసవన్నను కొలిచేదెవరు?

2020లో లాక్‌డౌన్ మొదలైన రోజుల్లో జరగబోయేవి చెప్పే కాలజ్ఞానం రాసిన బ్రహ్మంగారి పేరుతో ఒక పద్యం ఫోన్లలో తెగ తిరిగింది. అందులో ‘కోరంకి’ అనే జబ్బు ప్రస్తావన ఉంది. అది కరోనాయేనని భక్తి వీడియోలు తేల్చేశాయి. మూఢనమ్మకమని నాస్తికుల వీడియోలు కొట్టిపారేశాయి. ఆ పద్యం ఏ తాళపత్రంలో ఉంది, ఏ ఏట అచ్చయిన కాలజ్ఞానంలో ఉంది అని వెతికినవాళ్లు మాత్రం రెండు వైపులా తక్కువే.

వెతకడం తేలికేం కాదు. బ్రహ్మంగారు బనగానపల్లె దగ్గర రవ్వలకొండ గుహలో కాలజ్ఞానం రాశారనీ, కొన్ని పత్రాలను పాతిపెట్టి పైన చింతచెట్టు నాటారనీ చెబుతారు. కడప జిల్లా కందిమల్లాయపల్లెలో 1693లో ఆయన జీవసమాధి అయ్యారన్నది సంప్రదాయం. ఆ తర్వాత ఊరూరా పాడుకున్నారు, రకరకాల ప్రతులు అచ్చేశారు. 1984లో ఎన్టీఆర్ సినిమా వచ్చాక తెర మీద చూసిందే కాలజ్ఞానమనుకున్న తరం ఒకటి తయారైంది. ఇన్ని చేతులు మారిన పాఠంలో ఏ మాట ఎప్పుడు చేరిందో చూపితే అదే మంచి వీడియో. కాకపోతే దానికి ఎర్ర బాణాల తమ్‌నెయిల్ అంతగా అతకదు.

పైగా ఈ రాయలసీమలో మతాల లెక్క వీడియో చర్చల్లో చెప్పినంత తిన్నగా ఉండదు. బ్రహ్మంగారి ప్రధాన శిష్యుడు సిద్దయ్య దూదేకుల ముస్లిం. ఉగాదినాడు దేవుని కడప వెంకన్న గుడికి ముస్లింలు వచ్చి మొక్కులు తీర్చుకుంటారు, వెంకన్న భార్య బీబీ నాంచారి తమ ఇంటి ఆడపడుచని. ఇది ఏ పక్షానికి లాభమో స్టూడియోలో కూర్చుని తేల్చడం కష్టం.

తెలుగులో నాస్తిక ప్రచారం యూట్యూబ్‌తో పుట్టలేదు. నాస్తికవాది గోరా 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టారు. 1947లో అది విజయవాడకు మారింది. ఆ కేంద్రం వాళ్లు, తర్వాత సైన్సు ప్రచార సంస్థ జన విజ్ఞాన వేదిక వాళ్లు ఊళ్లలో జనం ముందు నిప్పుల మీద నడిచి చూపించారు. బొగ్గు వేడిని నెమ్మదిగా వదులుతుంది, పాదం దాని మీద నిలిచేది లిప్తపాటు, అందుకే కాలదు. నమ్మనివాడు తానూ చెప్పులు విప్పి నడిచి చూసుకోవచ్చు. ఫోను తెరలో ఆ సౌకర్యం లేదు. భక్తుడు, నాస్తికుడు ఇద్దరిలో గొంతు ఎవరిది పెద్దదో వినడమే చూసేవాడి వంతు.

హేతువాది బాబు గోగినేని టీవీ స్టూడియోల్లో జ్యోతిష్యులతో వాదించి ఇంటింటికీ తెలిశారు. 2018లో బిగ్‌బాస్ ఇంట్లోకీ వెళ్లారు. ఆయన వాదన బలమంతా ‘రుజువేది?’ అని అడగడంలో ఉంది. నాస్తిక ప్రచారకుడు బైరి నరేష్ సంగతి వేరు. 2022 డిసెంబరులో కొడంగల్ సభలో అయ్యప్ప పుట్టుక మీద ఆయన అన్న మాటల క్లిప్ రాష్ట్రాలు దాటింది, నిరసనలు రేగాయి, పోలీసులు అరెస్టు చేశారు. ఎగతాళికి జైలు తగదు. అయితే ఆ ఎగతాళి ఒక్క భక్తుణ్ణయినా ఆలోచింపజేసిందా అంటే అనుమానమే.

రుజువు అడగాలనుకునేవాళ్లకు యాగంటి గుడి ఉంది. 2022 దాకా అది కర్నూలు జిల్లా, ఇప్పుడు నంద్యాల జిల్లా. అక్కడి నంది, అంటే బసవన్న, పెరుగుతోందని, కలియుగాంతంలో లేచి రంకె వేస్తుందని నమ్మకం. ఒకప్పుడు చుట్టూ ప్రదక్షిణ చేసేవారట, ఇప్పుడు స్తంభాల మధ్య మనిషి పట్టడట. ఇరవై ఏళ్లకు అంగుళం పెరుగుతోందని పురావస్తు శాఖే చెప్పిందని చాలా వీడియోల్లో వినిపిస్తుంది. ఎవరు కొలిచారు, ఎప్పుడు, ఎక్కడి నుంచి ఎక్కడికి? ఆ ఊసుండదు. ఆ లెక్కే నిజమైతే నూరేళ్లకు 5 అంగుళాలు. గుడి 15వ శతాబ్దపు విజయనగర సంగమ రాజుల నాటిదంటారు గనక ఈపాటికి రెండడుగులు దాటాలి. ఉలి గీతలు కూడా ఆ మేరకు సాగి ఉండాలి.

వీడియోలు చేసే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, భక్తులైనా నాస్తికులైనా సరే, గుడివాళ్ల అనుమతి తీసుకుని ఇద్దరూ కలిసే కొలవండి. కొలిచిన చోటు, తేదీ కెమెరాకు చూపండి. ఆ లెక్క నిజమైతే పదేళ్ల తర్వాత అదే చోట మళ్లీ కొలిస్తే 12 మిల్లీమీటర్లకు పైగా తేడా రావాలి. వచ్చినా, రాకపోయినా ఆ వీడియో పెట్టండి.